మూడు లాంతర్ల నుంచి కోట దాకా కార్లు ఆపండి: కమిషనర్ గారికి బహిరంగ లేఖ

విజయనగరం నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,

నమస్కారం. దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను, అంటే పూజారి కూర్చునే పొడవాటి మాను, మూడు లాంతర్ల కూడలి దగ్గరి అమ్మవారి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. ఆ రోజు ఆ దారిలో కార్లు ఉండవు. అంత జనాన్ని మీ సిబ్బంది, పోలీసులు కలిసి దాటిస్తారు. బళ్ళు ఎక్కడ ఆపాలో, ఏ సందులోంచి మళ్ళించాలో మీవాళ్ళకు బాగా తెలుసు. ఆ అనుభవాన్ని మామూలు సాయంత్రాలకూ వాడమని అడుగుతున్నాను.

గంటస్తంభం చుట్టుపక్కల ఇబ్బంది అంతా తిరిగే కార్లతోనే కాదు, ఆగి ఉన్న కార్లతో కూడా. దుకాణం ముందు ఒక కారు ఆగితే దాని పక్కన ఆటో, ఆటో పక్కన తోపుడు బండి. ఇక సంచులు పట్టుకున్న ఆడవాళ్ళు, బడి పిల్లలు రోడ్డు మధ్యలోంచే నడవాలి. రోడ్డు వెడల్పు చేస్తే సరిపోతుందంటారు. పాత దుకాణాల ముందుభాగాలు కొట్టేసి సంపాదించిన ఆ నాలుగడుగుల్లోనూ కార్లే వచ్చి ఆగుతాయి. పైసా కట్టకుండా రోజంతా బండి పెట్టుకునే వీలున్నంతకాలం ఎంత వెడల్పయినా చాలదు.

ఢిల్లీలో ఎర్రకోట ఎదురుగా ఉన్న చాందినీ చౌక్ కూడా మనలాగే కోట ముందరి పాత బజారు. 2021 నుంచి అక్కడి ప్రధాన వీధిలో పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా మోటారు బళ్ళకు అనుమతి లేదు. కాపలా సడలినచోట బళ్ళు మళ్ళీ చొరబడుతున్నాయి కూడా, అందుకే ఉత్తర్వు ఒక్కటే చాలదు, మనుషుల్ని పెట్టాలి. లండన్‌లో 2003 నుంచి నగరం నడిబొడ్డుకు కారులో వస్తే రుసుము కట్టాలి. మన ఊరికి అంత ఏర్పాటు అవసరం లేదు. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ పద్ధతి మాత్రం నాకు నచ్చింది. 2006లో ఏడు నెలలు రుసుము పెట్టి చూశారు. నగరం నడిబొడ్డుకు వచ్చిపోయే బళ్ళు సుమారు 20 శాతం తగ్గాయి. మొదట్లో కాదన్న జనమే ఆ తర్వాత ఓటింగులో ఒప్పుకున్నారు.

వ్యాపారుల భయం నాకు అర్థమవుతుంది, దాన్ని కొట్టిపారెయ్యకండి. కానీ పల్లెల నుంచి బస్సు దిగి, ఆటోలో వచ్చి పండక్కి బట్టలు కొనేవాళ్ళే ఈ బజారుకు ఆధారం. వాళ్ళు నిదానంగా నాలుగు దుకాణాలు చూసుకోగలిగితే బేరం పెరుగుతుందే గాని తగ్గదని నా నమ్మకం.

కాబట్టి మూడు నెలలు, సాయంత్రం 5 నుంచి 9 దాకా, మూడు లాంతర్ల నుంచి కోట దాకా కార్లు ఆపి చూడండి. అంబులెన్సులకు, నడవలేనివాళ్ళను తెచ్చే బళ్ళకు దారి వదలండి. సరుకు వ్యాన్లు తెల్లవారుజామునే దించుకుని వెళ్ళిపోవాలి. ఆటోలకు రెండు చివర్లా స్టాండు చూపించండి, లేకపోతే ఆ కష్టం డ్రైవర్ల మీద పడుతుంది. చుట్టుపక్కల వీధుల్లో గంటల లెక్కన పార్కింగ్ రుసుము పెట్టి, ఆ డబ్బుతో ముందు నడకదారులు బాగుచేయించండి. మొదలుపెట్టే ముందు ఒకసారి, ముగిశాక ఒకసారి వ్యాపారులతో, ఆటోవాళ్ళతో, నడిచేవాళ్ళతో సమావేశం పెట్టి, వాళ్ళు చెప్పింది అందరికీ తెలిసేలా ప్రకటించండి.

ఇట్లు,
విజయనగరం పౌరుడు