నరసన్నపేట దగ్గర ఆ రాత్రి మాకు సాయం చేసినోళ్ళకి

అందరికీ నమస్తే. పోస్టులు రాయడం నాకు పెద్దగా రాదు, తప్పులుంటే సర్దుకోండి, కానీ వీళ్ళకి నలుగురిలో థాంక్స్ చెప్పకపోతే నాకు మనసాగేలా లేదు. మాది గజపతినగరం దగ్గర పల్లెటూరు, పదకొండేళ్ళుగా ఫ్రీజర్ బండి తోలుతున్నాను. మొన్న శుక్రవారం రాత్రి ఒరిస్సా నుంచి రొయ్యల లోడు వేసుకుని వైజాగ్ కోల్డ్ స్టోరేజీకి వస్తున్నాం నేనూ మా క్లీనర్ కుర్రాడూ, 16 టన్నులు, బ్లాకులు కట్టి అట్టపెట్టెల్లో పెట్టిన ఎక్స్‌పోర్టు సరుకు. ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి అన్నీ దాటేసాం. నరసన్నపేట కూడా దాటి మడపాం టోల్ గేటు ఇంకా రెండు మూడు కిలోమీటర్లు ఉందనగా, ఒంటిగంటన్నరప్పుడు, కూలింగ్ యూనిట్ సౌండ్ ఆగిపోయింది.

ఈ సౌండ్ గురించి ఫ్రీజర్ బండి తోలినోళ్ళకి చెప్పక్కర్లేదు గానీ మిగతావాళ్ళకి చెప్పాలి. మా బండికి రెండు ఇంజిన్లు, ఒకటి బండి నడవడానికి, రెండోది క్యాబిన్ వెనకాల పైన కూలింగ్ కోసం, దానికి డీజిల్ ట్యాంకు కూడా వేరే, గంటకి రెండు మూడు లీటర్లు తాగేస్తది. బండి ఆపినా దాన్ని ఆపడానికి లేదు. డాబాలో అన్నం తిన్నా, కోల్డ్ స్టోరేజీ గేటు బయట నంబరు వచ్చేదాకా పది గంటలు పడున్నా అది మోగుతానే ఉండాలి, ఆ మోతకి డాబావాళ్ళు దూరంగా పెట్టుకో బాబూ అని తిడతారు. మేం దాని కిందే పడుకుంటాం, మోగుతుంటే గుర్రు పెట్టి నిద్రపోతాం, ఆగిందంటే మాత్రం ఉయ్యాల ఆగిన పసిపిల్లాడిలాగ టక్కున లేచిపోతాం.

పక్కకి తీసి ఆపి నిచ్చెన వేసుకుని చూస్తే బెల్టు తెగి పీలికలైపోయింది. స్పేర్ బెల్టు ఉండాలి, పోయిన నెల వాడేసాం, కొత్తది ఇంకా రాలేదు, అది మా తప్పే ఒప్పుకుంటున్నాను. సర్వీసు నంబరుకి చేస్తే తెల్లారాక మనిషిని పంపుతాం అన్నారు. తెల్లారితే ఏటవుద్దో మాకు తెలుసు, ఎండ మొహం మీద కొడతది. సెట్టింగు మైనస్ 20లో ఉన్నది, లోపలి గాలి మీటరు మీద అప్పటికే మైనస్ 17 చూపిస్తోంది. లోపల టెంపరేచర్ ఐదు నిమిషాలకోసారి రికార్డయిపోద్ది, అదే ఓనరు ఫోనుకి అలారంలా వెళ్ళిపోద్ది, ఆయన ఫోను మీద ఫోను. సరుకు మైనస్ 18 కంటే పైకొచ్చిందంటే కొన్నవాడు వెనక్కి పంపేస్తాడు. 16 టన్నుల రొయ్యలంటే మా ఓనరు బండి అమ్మినా తీరదు.

హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేస్తే హైవే పెట్రోలింగ్ బండి వచ్చింది, కోన్లు పెట్టి లైటు పెట్టారు, వాళ్ళకి మొదటి దండం.

ఎదురుగా ఒక టీ కొట్టు తెరిచి ఉంది. ఆ కొట్టు అప్ప (మావైపు అక్కని అలాగే అంటాం) బయటికొచ్చి "ఏటి బాబూ అలా తిరుగుతన్నావు, ఏటయింది?" అంది. చెప్పాను. "ముందు టీ తాగు, తరవాత సూద్దాం" అని, కాగితం కప్పులు అయిపోనాయని ఇద్దరికీ స్టీలు గ్లాసుల్లో పోసింది. అక్కడ కూర్చున్న ఒక పెద్దాయన మా వాడి ఐస్ ఫ్యాక్టరీ ఉంది, నాలుగు దిమ్మలు తెప్పిస్తాను, తలుపు తీసి లోపల పడేయండి అన్నాడు. ఎంత మంచి మనిషో, ఆ టైములో ఎవరంటారు ఆ మాట. కానీ మామూలు ఐసు మా సరుకు కంటే వేడి. ఆ దిమ్మ సున్నా దగ్గర కరుగుతుంది, లోపల సరుకు మైనస్ 18 దగ్గర ఉంటది, పైగా తలుపు తీసామా ఉన్న చలి కాస్తా రోడ్డు మీదకి పోద్ది. తలుపు సీలు కూడా తెంపకూడదు. ఇవన్నీ చెప్తే ఆయన నవ్వి, "అయితే మీ బండి ముందర మా ఐసే పొయ్యి అన్నమాట" అన్నాడు.

అప్ప ఈలోపు ఫోన్ తీసి వాళ్ళ మరిదికి కొట్టింది. ఆయన నరసన్నపేటలో ఒక రైసు మిల్లులో ఫిట్టరు. "మిల్లంతా బెల్టుల మీదే గదా నడుత్తది, ఏదోటి దొరక్కపోద్దా" అంది. నాకైతే నమ్మకం లేదు, వడ్ల మిల్లు బెల్టుకీ ఫ్రీజర్ బండికీ ఏం సంబంధం అనుకున్నాను. తెగిన ముక్క మీద నంబరు సగం చెరిగిపోయి ఉంటే, ఆయన ఫోన్లో అడిగి వెడల్పు అగ్గిపుల్లతో కొలిపించాడు, పొడవు దారం కట్టి పుల్లీల చుట్టూ తిప్పి కొలవమన్నాడు. దారం అప్ప పూలు కట్టుకునేది. నలభై నిమిషాలకి బైకు మీద వచ్చాడండీ ఆ మనిషి, లుంగీ, బనీను, మెళ్ళో మూడు బెల్టులు దండలా వేసుకుని! వాచ్‌మేన్‌ని లేపి మిల్లు తెరిపించి తెచ్చాడంట. మొదటిది బిగువైపోయింది, రెండోది వెడల్పు తేడా, మూడోది వెడల్పు సరిపోయింది గానీ ఒక అంగుళం పొడుగు. బెల్టు బిగించే టెన్షనర్ బోల్టు చివరిదాకా లాగి, జాకీ రాడ్డుతో అదిమి పట్టుకోమని మా కుర్రాడికి చెప్పి బిగించాడు. వేలితో బెల్టు నొక్కి చూసి, ఒక చుట్టు వదిలి, మళ్ళీ నొక్కి చూసాడు. "ఇది మీ బండి బెల్టు కాదు బావా, వైజాగ్ దాకా లాగుద్ది, ఆ తరవాత నా పూచీ లేదు" అన్నాడు. స్టార్ట్ చేస్తే కొంచెం కీచుమని అరిచి అందుకుంది. అప్పటికి నాలుగయింది, మీటరు మైనస్ 11.

డబ్బులు ఇస్తే బెల్టుకి 600 తీసుకుని మిగతాది నా జేబులో తిరిగి కుక్కేసాడు. అప్ప టీ డబ్బులు కూడా తీసుకోలేదు, పైగా రెండు బన్నులు పొట్లం కట్టింది. పేర్లు అడిగాను గానీ ఇక్కడ రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు.

పొద్దున్న ఎనిమిది దాటాక కోల్డ్ స్టోరేజీలో దించాం. సూపర్వైజరు టెంపరేచర్ గ్రాఫు చూసి మొహం మాడ్చుకున్నాడు, మీటరు చూపించేది లోపలి గాలి, సరుకు అంత త్వరగా వేడెక్కదు అని ఎంత చెప్పినా వినడు. తలుపు దగ్గర పెట్టె ఒకటి, మధ్యలోది ఒకటి తీయించి, బ్లాకుకి చిన్న కన్నం వేసి సూది థర్మామీటరు గుచ్చాడు. నేను నెత్తి మీద తువ్వాలు వేసుకుని ఆ మైనస్ గదిలోనే నిలబడిపోయాను, బయట చెమట, లోపల వణుకు, ఈ ఉద్యోగంలో మాకు ఇది మామూలే. తలుపు దగ్గరది మైనస్ 18.2 వచ్చింది, మధ్యలోది మైనస్ 19.5. సంతకం పెట్టేసాడు.

ఆ పెట్రోలింగ్ తమ్ముళ్ళకి, ఐసు ఇస్తానన్న పెద్దాయనకి, నిద్ర మానుకుని వచ్చిన ఫిట్టరు బావకి, మా అప్పకి పేరుపేరునా చేతులెత్తి దండాలు. ఆ మిల్లు ఓనరు గారికి కూడా, తెల్లారేదాకా ఆయనకి సంగతే తెలీదంట పాపం.

అప్పా, ఇంకో విషయం. ఆ హడావుడిలో మావాడు నీ స్టీలు గ్లాసు ఒకటి క్యాబిన్లో పెట్టేసుకుని వచ్చేసాడు, ఆనందపురం దాటాక చూసాం. వచ్చే బుధవారం మళ్ళీ ఆ రోడ్డే, తెచ్చి ఇచ్చేస్తాను, తిట్టుకోకు.