కాల్ చేయడం మధ్యేమార్గం కాదు

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో పోకర్ పేకాటలో ఒక రకమైన లిమిట్ హోల్డెమ్ గురించి వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆటను పరిచయం చేసిన తీరు బాగుంది. కానీ చివర్లో "ఎటూ తేలకపోతే కాల్ చేసేయండి, అదే మధ్యేమార్గం" అని రాసిన ఒక్క వాక్యం దగ్గర ప్రాణం ఉసూరుమంది. కాల్ అంటే ఎదుటివాడు పెట్టినంతే మనమూ పెట్టి ఆటలో ఉండటం. కొత్తగా నేర్చుకునేవాళ్ళు సరిగ్గా ఆ మాటనే పట్టుకుంటారు. నేనూ అలాగే పట్టుకుని చాలాకాలం నష్టపోయాను, అందుకే ఈ ఉత్తరం.

ఈ ఆటలో ఒక్కొక్కరి చేతిలో రెండు ముక్కలు ఉంటాయి, అందరికీ పనికొచ్చే అయిదు ముక్కలు బల్ల మీద పడతాయి: మొదట మూడు (ఫ్లాప్), తర్వాత ఒకటి (టర్న్), ఆఖర్న ఇంకొకటి (రివర్). లిమిట్‌లో బెట్ (పందెం) ఎంత వేయాలన్నది మన చేతిలో ఉండదు. మొదటి రెండు రౌండ్లలో, అంటే ఫ్లాప్‌కి ముందూ ఫ్లాప్‌లోనూ, చిన్న బెట్, టర్న్‌లోనూ రివర్‌లోనూ దానికి రెట్టింపు, ఒక్కో రౌండ్‌లో మామూలుగా ఒక బెట్, దాని మీద మూడు రెయిజ్‌లు (పెంపులు), అంతే. ఉన్నదంతా ముందుకు తోసి ఎదుటివాణ్ణి బెదరగొట్టడం కుదరదు. కాబట్టి ఎవరైనా బెట్ వేస్తే మనకు మిగిలేవి మూడే: వదిలేయడం, కాల్ చేయడం, రెయిజ్ చేయడం. ఇవి ఒకే మెట్ల వరుసలో కింద, మధ్య, పైన ఉన్నట్టు కనిపిస్తాయి, కానీ కాదు. ఉండాలా వదిలేయాలా అన్నది పాట్‌ని, అంటే మధ్యలో పోగైన పందెం డబ్బుని, చూసి తేల్చుకోవాల్సిన సంగతి. ఉండాలని తేలాక కాలా రెయిజా అన్నది పూర్తిగా వేరే సంగతి, దానికి జవాబు మన తర్వాత ఇంకా ఎవరెవరు ఆడాలి, మనం పెంచితే ఎవరు ఉంటారు, ఎవరు పోతారు అన్నదాంట్లో ఉంటుంది.

నా చేతిలో ఇస్పేటు ఆసు, ఇస్పేటు పది ఉన్నాయనుకోండి. ఫ్లాప్‌లో ఇస్పేటు తొమ్మిది, ఇస్పేటు నాలుగు, కళావరు రాజు పడ్డాయి. ఆటలో నలుగురం ఉన్నాం. ఇంకొక్క ఇస్పేటు పడితే నాకు ఒకే గుర్తువి అయిదు కుదిరి బలమైన చెయ్యి అవుతుంది. ఇంకా కనపడని ఇస్పేట్లు 9, రివర్ దాకా ఉంటే వాటిలో ఒక్కటైనా పడే అవకాశం దాదాపు 35 శాతం. ఆఖర్న ఆడేది నేనే, మొదటి అతను బెట్ వేశాడు, మిగతా ఇద్దరూ కాల్ చేశారు. ఇక్కడ నేను రెయిజ్ చేస్తాను. ఇప్పటికే ఒక బెట్ పెట్టినవాళ్ళు ఇంకొకటి పెట్టడానికి మామూలుగా వెనకాడరు, అప్పుడు కొత్తగా పాట్‌లో పడే ప్రతి నాలుగు బెట్లలో నేను పెట్టేది ఒకటి, అంటే 25 శాతం, గెలుపులో నా వాటా మాత్రం అంతకంటే బాగా ఎక్కువ. చేతిలో జత కూడా లేకుండా పెంచడం తెగింపులా అనిపిస్తుంది గానీ లెక్క మన పక్కనే ఉంది. పైగా టర్న్‌లో అందరూ నన్ను చూసి చెక్ చేస్తే (బెట్ వేయకుండా ఊరుకుంటే), ఇస్పేటు పడకపోయినా నేనూ చెక్ చేసి పైసా పెట్టకుండా రివర్ చూస్తాను. ఫ్లాప్‌లో అదనంగా పెట్టింది చిన్న బెట్, టర్న్‌లో మిగుల్చుకున్నది పెద్ద బెట్.

ఇప్పుడు అవే ముక్కలు, అదే ఫ్లాప్, కూర్చున్న చోటు మాత్రం మార్చండి. సరిగ్గా నాకు ముందు అతను బెట్ వేశాడు, నా తర్వాత ఇంకా ఇద్దరు ఆడాలి. నేను రెయిజ్ చేస్తే వాళ్ళు ఒకేసారి రెండు బెట్లు పెట్టాలి, సగం సగం ముక్కలున్నవాళ్ళు లేచిపోతారు. ఇస్పేటు పడ్డప్పుడు నాకు డబ్బు ఇవ్వాల్సింది వాళ్ళే కదా! అందుకని కాల్ చేసి వాళ్ళను లోపలికి రానివ్వడమే మేలు. అదే చోట నా చేతిలో రాజు, రాణి ఉంటే మళ్ళీ తిరగబడుతుంది, ఆ రాజుల జతను కాపాడుకోవాలంటే వెనకున్న ఇద్దరి దగ్గరా రెండేసి బెట్లు అడగాల్సిందే. వీటిలో ఎక్కడా "ఎటూ తేలలేదు కాబట్టి కాల్" అన్నది లేదు.

నాకు బాగా దెబ్బ తగిలింది రివర్‌లో. నా దగ్గర ఆసు, జాకీ. బల్ల మీద జాకీ, ఏడు, మూడు, టర్న్‌లో అయిదు, రివర్‌లో రాణి. అప్పటిదాకా ఊరికే కాల్ చేస్తూ వచ్చిన మనిషి రాణి పడగానే బెట్ వేశాడు. నా జాకీల జతను కొట్టే రాణుల జత అతనికి దొరికిందేమోనని ఒకటే టెన్షన్. అతని బెట్‌తో కలిపి పాట్‌లో 8 పెద్ద బెట్లు ఉన్నాయి, నేను పెట్టాల్సింది 1, అంటే తొమ్మిదిసార్లలో ఒక్కసారి నా అనుమానం తప్పయినా సరిపోతుంది. ఇంత సులువైన లెక్క వదిలేసి ముక్కలు కింద పడేశాను. అతను పాట్ లాక్కుంటూ ఏడు, ఆరు చూపించాడు. మూడు నుంచి ఏడు దాకా వరుస కుదరడానికి నాలుగు కోసం చూసి చూసి, అది రాక వేసిన బెట్ అది. తప్పు కాల్‌కి పోయేది ఒక బెట్, తప్పుగా వదిలేస్తే పోయేది ఎనిమిది. అక్కడ రెయిజ్ మాత్రం వద్దు, ఎందుకంటే మనల్ని కొట్టేవాడు తప్ప దాదాపు ఎవరూ కాల్ చేయరు. రివర్‌లో రెయిజ్ చేయాలంటే, దాన్ని ఎదుటివాడు కాల్ చేసినప్పుడు సగానికి పైగా మనమే గెలవాలి, తిరిగి రెయిజ్ చేసే మనిషైతే ఇంకా ఎక్కువ కావాలి.

ఇద్దరే ఆడే లిమిట్ హోల్డెమ్‌ని కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయంలో మైఖేల్ బౌలింగ్ బృందం కంప్యూటర్‌తో దాదాపు పూర్తిగా పరిష్కరించి 2015 జనవరిలో ప్రకటించింది. ఆ ప్రోగ్రామ్ పేరు సెఫియస్. డీలర్ (ముక్కలు పంచే వంతు) స్థానంలో ఉన్నప్పుడు అది మొదటి ఎత్తులో ఊరికే కాల్ చేసేది నూటికి 0.06 సార్లు మాత్రమే, అయితే పెంచుతుంది, లేదంటే వదిలేస్తుంది. మరి అదే డీలర్ స్థానంలో, ఫ్లాప్‌కి ముందే పోటాపోటీగా పెంచుకుంటూ పోయి ఇంకొక్క రెయిజ్ మాత్రమే మిగిలిన చోట అది దాదాపు ఎప్పుడూ ఆ ఆఖరి రెయిజ్ చేయదు, కాల్ చేసి ఊరుకుంటుంది. ఆసుల జత ఉన్నా అంతే. ఇద్దరి ఆటకు తేలిన ఈ విషయాన్ని తొమ్మిదిమంది బల్లకు అలాగే అంటగట్టకూడదు, కానీ ఎక్కడ కాల్ చేయాలో అంత కచ్చితంగా ఎంచుకునే ఆ తీరు చూస్తే నాకు చాలా ముచ్చటేసింది.

వచ్చే వారం ఆ వాక్యాన్ని సవరిస్తూ నాలుగు మాటలు వేయండి. ఉదాహరణ ఇచ్చేటప్పుడు చేతిలో ముక్కలతోపాటు ఎవరు ఎక్కడ కూర్చున్నారో, పాట్‌లో ఎన్ని బెట్లు ఉన్నాయో కూడా రాయమని మీ రచయితకు చెప్పండి, అవి లేకుండా కాలా రెయిజా అని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు.

ఇట్లు,
మీ పాఠకుడు