అన్నిటికీ ఒకే గడువా?

సంపాదకులకు,

పేటెంటు, అంటే కొత్తగా కనిపెట్టినదాన్ని కొన్నేళ్లపాటు ఇతరులు వాడకుండా ఆపే హక్కు, లేకపోతే కొత్తవి ఎవరూ కనిపెట్టరన్నది సగమే నిజం. ఆవిరి యంత్రాన్ని మెరుగుపరిచిన జేమ్స్ వాట్ సంగతే చూడండి. ఆవిరి యంత్రంతో చక్రం తిప్పడానికి మామూలు క్రాంక్ (ముందువెనకల కదలికను గుండ్రటి తిరుగుడుగా మార్చే వంపు కడ్డీ) చాలు. 1780లో జేమ్స్ పికార్డ్ అనే ఆయన దానిమీద పేటెంటు తీసుకోవడంతో, వాట్ ఒక పళ్లచక్రం చుట్టూ మరో పళ్లచక్రం తిరిగే చుట్టుదారి పట్టాల్సివచ్చింది. అదే వాట్, తన 1769 నాటి పేటెంటును బ్రిటన్ పార్లమెంటు చట్టంతో 1800 దాకా పొడిగించుకుని, జొనాథన్ హార్న్‌బ్లోయర్ రెండు సిలిండర్ల ఇంజన్‌ను ముందుకు సాగనివ్వలేదు. ఎంత బాధాకరం!

మందులకు ఏళ్లతరబడి పరీక్షలు, బోలెడు ఖర్చు. అక్కడ రక్షణ ఉండాల్సిందే. కానీ రెండుమూడేళ్లకే పాతబడే సాఫ్ట్‌వేర్‌కూ అదే 20 ఏళ్ల పేటెంటా? చిన్న ప్రోగ్రామర్ కోడ్ రాయడం మానేసి లాయర్ నోటీసు వస్తుందేమోనని టెన్షన్ పడుతూ కూర్చోవాలా? రంగాన్ని బట్టి గడువు పెట్టాలి.

- ఒక పాఠకుడు