చాట్స్‌వర్త్ ముందు నీ ఫోటో చూసి

చి. బుజ్జమ్మకు, నాయన ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నీ దగ్గర్నుంచి మాట లేక 22 రోజులైంది. చివర్న వచ్చింది ఇంగ్లండ్‌లో ఆ చాట్స్‌వర్త్ బంగళా ముందు తీసుకున్న ఫోటో. మెడకు మఫ్లర్ లేదు, ముక్కు ఎర్రగా ఉంది. పక్కన ఇంకెవరిదో భుజం కనిపిస్తోంది. మీ అత్త ఏదో అనింది, అది తర్వాత మాట్లాడదాం.

ఆ బంగళా గురించి రాత్రిళ్లు కూర్చుని చదివినా. 1549లో బెస్ అనే ఆమె, రెండో మొగుడు విలియం కావెండిష్ కలిసి 600 పౌండ్లకు ఆ ఆస్తి కొన్నారు. తర్వాత స్కాట్లాండ్ రాణి మేరీని కొన్నాళ్లు అక్కడ ఖైదులో ఉంచారు. అంత కాపలాలోనూ ఆమె ఉత్తరాలు రాయడం మానలేదమ్మా.

కావెండిష్ పేరు చూడగానే మన తోట గుర్తొచ్చింది. మన గ్రాండ్ నైన్ అరటి ఆ కావెండిష్ రకమే కదా! ఆ ఇంటి దొర పేరే అరటికి వచ్చింది, పెంచినవాడు తోటమాలి జోసెఫ్ ప్యాక్స్‌టన్. 1826 మే 9న, ఇరవై రెండేళ్ల వయసులో పనిలో చేరాడు. తెల్లవారుజామున నాలుగున్నరకు చేరితే అక్కడ మనిషి అలికిడి లేదు. గేటెక్కి దిగి తోటంతా తిరిగాడు. కూరగాయల తోట గోడెక్కి అంతా చూసుకున్నాడు. ఆరింటికి కూలీలను పనిలో పెట్టాడు. ఫౌంటెన్లు వదిలించి చూశాడు. అప్పుడు ఇంటి పెత్తనం చూసే గ్రెగరీ అనే ఆమె దగ్గర టిఫిను తినబోతే, అక్కడ ఆమె మేనకోడలు సారా. తొమ్మిది కాకముందే ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి మనసు పడిందని ఆయనే రాసుకున్నాడు. అయినా పెళ్లి మరుసటేడే. మనసు పడటం తప్పని నేననను. పిల్లోడి గుణం, పని, పెద్దోళ్లను పలకరించే తీరు, ఇవన్నీ చూడాలి కదా. అత్త అనింది నిజమైతే ఆ ఏడాదన్నా ఆగండి.

1835 నవంబరులో ఆ అరటి పువ్వేసింది, మే నాటికి వందకు పైగా కాయలు. అద్దాల ఇంట్లో వేడి పెట్టి సాకాడు. పిలకకే అంత వేడి కావాలంటే నీకెంత కావాల? కరెంటు బిల్లుకని హీటరు ఆపొద్దు. లోను కంతులు నేను చూసుకుంటా.

ఆ పక్క ఎడెన్సర్ చర్చి దగ్గర క్యాథ్లీన్ సమాధి చూసినావా? అమెరికా అధ్యక్షుడు కెనెడీ చెల్లెలు. 1944లో ఆ ఇంటి వారసుణ్ణి చేసుకుంది. మతం వేరని తల్లి ఒప్పుకోలేదు, రాలేదు. పెళ్లిలో పుట్టింటి నుంచి పెద్దన్న జో ఒక్కడే. నాలుగు నెలలకే మొగుడు యుద్ధంలో పోయాడు. 1948లో ఆమె విమాన ప్రమాదంలో పోతే, సమాధి చేసేటప్పుడు పుట్టింటి నుంచి తండ్రి ఒక్కడే ఉన్నాడు. అది చదివి లేచి తోటలోకి పోయినా. బోరు దగ్గర చానాసేపు కూర్చున్నా.

ఎవరైనా సరే, నాతో ముందు చెప్పు తల్లీ. నేను వస్తా, మీ అమ్మను కూడా తీసుకొస్తా.

జేజి పంపిన ఊరగాయలో నూనె పైకి తేలేట్టు చూసుకో, తడి గరిటె పెట్టొద్దు. శనివారం గెలల కోత, లారీ చీకటితోనే వస్తుంది. ఫోను జేబులోనే ఉంటుంది, ఎప్పుడైనా చెయ్.

మీ నాయన