బడితోటలో నాలుగు కాయలైనా విత్తనానికి వదలండి

సంపాదకులకు నమస్కారం.

ఇటీవల మీ పత్రిక అనంతపురం జిల్లా పేజీలో బడితోటల గురించి వచ్చిన వార్తను, దానితోపాటు అచ్చయిన ఫొటోను చూసి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. అధికారులు వరుసగా నిలబడి పిల్లల చేతుల్లో విత్తనాల ప్యాకెట్లు పెట్టారు, చప్పట్లు కొట్టించారు, అంతటితో కార్యక్రమం ముగిసింది. నిరుడు జరిగిందీ ఇదే, అంతకు ముందు ఏడు జరిగిందీ ఇదే. బడులు తెరిచాక కొత్త ప్యాకెట్లు వస్తాయి, వేసవి సెలవులకల్లా మడులు ఎండిపోతాయి, మళ్లీ కొత్త ప్యాకెట్లకు బిల్లు పెడతారు. పిల్లలకు పంట పండించడం నేర్పడానికే బడిలో తోట వేస్తున్నట్లయితే, విత్తనంతో మొదలై విత్తనంతో ముగియవలసిన పనిని కూర కోయడం దగ్గరే ఎందుకు ఆపేస్తున్నారో విద్యాశాఖ చెప్పాలి.

పాఠశాలల్లో పోషకాహార తోటలు పెంచాలని కేంద్ర ప్రభుత్వం 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. స్థలం లేని బడుల్లో డబ్బాల్లో, కుండీల్లో అయినా పెంచవచ్చని చెప్పింది. మన దగ్గర దానిని మధ్యాహ్న భోజనానికి నాలుగు ఆకుకూరలు సమకూర్చే పనిగా మాత్రమే తీసుకున్నారు. విత్తనం ఎందుకు దాచరని అడిగితే ఒకటే జవాబు వస్తుంది: వేసవి సెలవుల్లో నీళ్లు పోసే దిక్కు లేదు, తోట నిలవదు. సగటున ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే మన జిల్లాలో ఏప్రిల్, మే నెలల్లో తోట నిలవదన్న మాట నిజమే. కానీ వేసవిని నీళ్లు లేకుండా దాటగలిగేది విత్తనమొక్కటే కదా! జూలైలో పెట్టిన బెండ, గోరుచిక్కుడు, అలసంద వంటివి సంక్రాంతి సెలవులకు ముందే ముదిరి గింజ ఇస్తాయి. ఆ తరువాత వాటికి కావలసింది చుక్క నీరు తగలని ఒక కుండ, తలుపు ఉన్న ఒక గది మాత్రమే. ఆ గది లేని బడి ఏదైనా ఉందా?

ఈ పని పెద్ద చదువులు చదివితే తప్ప రానిది కాదు. పల్లాకు తెగులు తగలని, బాగా కాసిన బెండ మొక్కలు నాలుగైదు ఎంచి, వాటి కాయలకు రంగు దారం కట్టి, వంటవాళ్లు గానీ పిల్లలు గానీ కోయకుండా చూడాలి. చాలామంది కూరకు పనికిరాని, ఆఖరి కాపులో మిగిలిన గిడస కాయలను విత్తనానికి వదులుతారు. మంచివి తినేసి నాసివి దాచుకుంటే మరుసటి ఏడు నాసి పంటే వస్తుందని పిల్లవాడు అక్కడే తెలుసుకుంటాడు. పువ్వు పూసిన నెల పది రోజులకు కాయ మొక్కమీదనే గోధుమరంగుకు తిరిగి, గీరల వెంట పగుళ్లు విడుస్తుంది. అప్పుడు కోసి, గింజ ఒలిచి, బాగా ఆరబెట్టి, జల్లించిన బూడిద, ఎండు వేపాకు కలిపి కుండలో పోసి మూత చుట్టూ మట్టి మెత్తాలి. జూన్‌లో బడి తెరవగానే నూరు గింజలు లెక్కపెట్టి తడి గోనెపట్టాలో చుట్టి ఉంచితే, నాలుగైదు రోజుల్లో ఎన్ని మొలకెత్తాయో పిల్లలే లెక్క తేలుస్తారు. ఎనభై మొలిస్తే నిశ్చింతగా విత్తుకోవచ్చు. యాభయ్యే మొలిస్తే విత్తనం ఎక్కువ వేయాలి. శాతాలు బోధించడానికి ఆరో తరగతి లెక్కల మాస్టారికి ఇంతకు మించిన పాఠం ఎక్కడ దొరుకుతుంది?

సొర, బీర వంటి వాటికి ఇంకొంచెం శ్రద్ధ కావాలి. మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. పక్కింటి పాదు మీది పుప్పొడిని కూడా పురుగులు తెచ్చి కలుపుతాయి కనుక రకం చెడకుండా ఉండాలంటే ఆడమొగ్గకు ముందే గుడ్డ కట్టి, పువ్వు విచ్చినప్పుడు మనమే పుప్పొడి అద్ది, మళ్లీ కట్టాలి. ఈ పువ్వులు విచ్చేది సాయంకాలం, ఇంటి గంట కొట్టిన తరువాత. అందుకే ఈ పనికి పిల్లలు అక్కడే ఉండే సంక్షేమ హాస్టళ్లు, కస్తూర్బా విద్యాలయాలు తగినవని నా అభిప్రాయం.

ఇక పంచుతున్న ప్యాకెట్ల సంగతి. నాకు తెలిసిన ఒక బడిలో ఇచ్చినవన్నీ హైబ్రిడ్ రకాలే. హైబ్రిడ్ కాయ నుంచి తీసిన గింజ తల్లి మొక్క గుణాలను నిలకడగా చూపదు కనుక, ఏ ఉపాధ్యాయుడైనా సొంత శ్రద్ధతో విత్తనం కట్టాలనుకున్నా ఆ అవకాశం మొదటి రోజే పోయింది. అంతకన్నా బాధ కలిగించినది, తెగుళ్ల మందు పట్టించిన గులాబీ రంగు గింజలను చిన్నపిల్లలు ఒట్టి చేతులతో తీసి మడుల్లో పెట్టడం, పక్కనున్న పెద్దలెవరూ వారించకపోవడం. ప్యాకెట్ మీద హెచ్చరిక అచ్చు వేసే ఉంది. చదివేవారు లేరు.

బడిలో నేర్పని దాని ఫలితం ఊళ్లో కనబడుతూనే ఉంది. వేరుశనగ తనలో తానే పరాగం కలుపుకొనే పంట. మన కదిరి పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన కదిరి-6 అయినా, కదిరి లేపాక్షి అయినా రైతు సొంత చేనులో ఏరి దాచుకుంటే కొన్నేళ్లపాటు రకం చెడకుండా వస్తుంది. ముందుగా ఒలవకుండా కాయగానే నిల్వ ఉంచితే విత్తే నాటికి మొలకశక్తి ఉంటుంది. అయినా ఎకరాకు 60 కిలోలకు పైగా పప్పు విత్తనంగా పడే ఈ పంటకు మన రైతు ఏటా తొలకరికి ముందు సబ్సిడీ కాయల కోసం ఎండలో క్యూ కడుతున్నాడు. వానలు మొహం చాటేసి, అప్పులవాళ్ల ఒత్తిడికి గింజ మిగలకుండా అమ్ముకున్న రైతును నేను తప్పు పట్టను. అతనికి సకాలంలో విత్తనం అందించడం, ఊళ్లోనే విత్తన నిల్వకు వసతి కల్పించడం ప్రభుత్వ బాధ్యత. ఏ అధికారి వచ్చినా పంపిణీ లెక్కలే అడుగుతాడు. ఎన్ని ఊళ్లు తమ విత్తనం తాము సమకూర్చుకోగలిగాయని అడిగినవారిని నేను చూడలేదు. కొర్ర, సామ, అరిక, అనుము చేలల్లోంచి తగ్గిపోతూ వచ్చాయి. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరమన్నారు, సభలూ ప్రదర్శనలూ జరిగాయి. ఆ సంవత్సరం పిల్లలకు కొర్ర అన్నం రుచి చూపించారే తప్ప, కొర్ర కంకిని చేతికిచ్చి ఇందులో విత్తనానికి ఏది ఎంచాలో చెప్పినవారు ఎందరు?

చెప్పగలిగినవారు లేకపోలేదు. రాష్ట్రంలో 2016 నుంచి నడుస్తున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో శిక్షణ పొందిన మహిళా సంఘాల సభ్యులు ఉన్నారు. చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ చిరుధాన్యాలను, సేంద్రియ సాగును నిలబెడుతోంది. ప్రతి ఊళ్లోనూ సొరబుర్రలో, ఉట్టి మీది కుండలో ఇప్పటికీ అనుములు, అలసందలు దాచే ముసలమ్మలు ఒకరిద్దరైనా ఉన్నారు. వీళ్లను నెలకొకసారి బడికి పిలిచి, వచ్చిన రోజుకు గౌరవంగా కొంత పారితోషికం ఇస్తే ప్యాకెట్లకు అయ్యే ఖర్చుకన్నా ఎక్కువ కాదు. ఇంకొక మాట కూడా పిల్లలకు తెలియాలి. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్ కింద రైతుకు తన పంట గింజను దాచుకోవడానికి, విత్తుకోవడానికి, ఇచ్చిపుచ్చుకోవడానికి, బ్రాండు పేరు వేయకుండా అమ్ముకోవడానికి సైతం హక్కు ఉంది. ఈ సంగతి రైతుబిడ్డలకే తెలియకపోవడం నాకు మింగుడుపడడం లేదు.

నేను కోరేది పెద్ద పథకం కాదు. వచ్చే ఏడు ప్యాకెట్లు కొనేటప్పుడు హైబ్రిడ్లు మాని, గింజ దాచి మళ్లీ విత్తినా గుణం మారని సూటి రకాలు, నాటు రకాలు, అవీ మందు పట్టించనివి ఇవ్వాలి. ప్రతి బడితోటలో కొన్ని మొక్కలను విత్తనానికి వదలాలని జిల్లా విద్యాశాఖ ఒక ఉత్తర్వు ఇవ్వాలి. తనిఖీకి వచ్చే అధికారి ఎన్ని కిలోల కూరగాయలు కోశారని అడిగినట్లే, ఎంత విత్తనం దాచారో కుండ మూత తీయించి చూడాలి. మీ విలేకరులు కూడా ఫిబ్రవరిలో ఒకసారి అవే బడులకు వెళ్లి, చూసినది రాయాలని నా మనవి. ఉత్తర్వు ఈ నెలలోనే వెలువడితే, ఇప్పుడు పూతకొచ్చి ఉన్న మొక్కలకే దారాలు కట్టవచ్చు. ఆలస్యమైతే ఈ ఏటి కాయలన్నీ సాంబారులోకి పోతాయి, జూన్‌లో మళ్లీ అదే ఫొటో వస్తుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
అనంతపురం.