పదో తరగతి పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మారిషస్ తీర రక్షక దళంలో ఉద్యోగాల గురించి మీ విద్యా పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. జీతం, హోదా, గస్తీ నౌకల ఫొటోలు అన్నీ ఉన్నాయి. పని ఎలా ఉంటుందన్నది మాత్రం లేదు. కొంత దగ్గరగా చూసినవాడిని కాబట్టి రాస్తున్నాను.

నేను నౌకాదళంలో ఉండగా మా ఓడ మారిషస్ రాజధాని పోర్ట్ లూయీ వెళ్లింది. ఉమ్మడి గస్తీ కోసం అక్కడి తీర రక్షకులు కొందరు మా ఓడ ఎక్కారు. నాది విశాఖ అని తెలియగానే వారిలో ఒక కానిస్టేబుల్ రెండు చేతులూ జోడించి "సింహాద్రి అప్పన్న" అన్నాడు. అతనికి వచ్చిన తెలుగు దాదాపు అంతే. ఎప్పుడో కూలీలుగా ఓడ ఎక్కి వెళ్లిన తెలుగువారి సంతతి. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు దినమని అతను చెప్పినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

కానిస్టేబుల్ అని ఊరికే అనలేదు. ఆ దేశానికి వేరే సైన్యం లేదు. 1987లో ఏర్పడిన తీర రక్షక దళం పోలీసు శాఖలో ఒక విభాగం. నేల సుమారు 2,000 చదరపు కిలోమీటర్లు, చూసుకోవలసిన సముద్రం దాదాపు 23 లక్షల చదరపు కిలోమీటర్లు! సుమారు 1,000 కిలోమీటర్ల దూరంలో ఉన్న అగలేగా దీవిలో కూడా వీళ్లే కాపలా. అయినా అతను ఎక్కువగా చెప్పింది దొంగల వేట గురించి కాదు. పడవ పక్కన పడవ ఆనించి లైసెన్సు అడగడం, వల కన్ను కొలవడం, వేట నిషేధం ఉన్న రోజుల్లో తెలిసిన మనిషినే వెనక్కి పంపడం. ఒకసారి సొంత మేనమామనే పంపేశాడట. మనకూ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల నిషేధం ఉంది కదా. ఆ మాట జాలరి ఇంటి బిడ్డ చెబితే జాలరి వింటాడు.

అలాంటి బిడ్డలు మా పెదజాలరిపేటలో ఎందరో ఉన్నారు. మా వీధి కుర్రాడు ఒకడు గాలి వాసన చూసి వాన చెప్పగలడు. మన కోస్ట్ గార్డులో నావిక్ జనరల్ డ్యూటీకి, అంటే నావికుడి ఉద్యోగానికి, ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం ఉండాలని వాడికి పంతొమ్మిదో ఏట తెలిసింది. అప్పటికే ఆ రెండూ లేని సీఈసీ పూర్తయింది. పదో తరగతి అర్హతతో ఉన్నది వంట, వడ్డన పనులు చూసే డొమెస్టిక్ బ్రాంచి. ఇప్పుడు గుజరాత్‌లో వెరావల్ పడవల మీద కూలికి వెళుతున్నాడు. 2018లో అటునుంచి వేటకు వెళ్లి పాకిస్థాన్‌కు చిక్కిన ఉత్తరాంధ్ర జాలరులు 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. వాడి తల్లికి నిద్ర ఎలా పడుతుంది?

పది ఫలితాలు వచ్చిన మరునాడు, ఇంటర్‌లో గ్రూపు ఎంచుకోకముందే, ఈ అర్హతలు పెద్ద అక్షరాలతో మీ పేజీలో వేయండి. ఆ రోజు పత్రికలు నేను కొని, పేటలో పదో తరగతి పిల్లలున్న ప్రతి ఇంటికీ తిరిగి ఇస్తాను.

– ఒక విశ్రాంత నావికుడు,
పెదజాలరిపేట, విశాఖపట్నం