హెచ్‌ఐవీని నయం చేసే పరిశోధనలో మనమెక్కడ? వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను గుంటూరు జిల్లాలో ఉంటాను. హెచ్‌ఐవీ పాజిటివ్. చాలా ఏళ్లుగా ఏఆర్టీ మందులు (వైరస్‌ను అదుపులో ఉంచేవి) వాడుతున్నాను, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే లెక్క) పరీక్షలో కనపడటం లేదు, అంటే శారీరక సంబంధం ద్వారా నా నుంచి ఇంకొకరికి సోకదు కూడా. మందుల మీద ఫిర్యాదు చేద్దామని రాయడం లేదండీ. 2004 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఇవి ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టకపోతే మాలో చాలామంది ఈపాటికి ఉండేవాళ్లు కాదు, ఆ సంగతి మేం మర్చిపోలేదు. నా ప్రశ్న వేరే. ఈ జబ్బును పూర్తిగా నయం చేయడానికి ప్రపంచంలో ఇంత వెతుకులాట జరుగుతోంది కదా, అందులో మన రాష్ట్రం ఎందుకు కనపడదు?

"అదంతా ఢిల్లీ వాళ్లు, అమెరికా వాళ్లు చూసుకుంటారు, మన పని మాత్రలు అందించడం వరకే" అని మీ ఆఫీసులో ఎవరైనా అనొచ్చు. అలా అనేముందు కాస్త వినండి.

రోజుకో మాత్ర వేసుకుంటే వైరస్ పెరగదు, కానీ పోదు. రోగాలతో పోరాడే సీడీ4 అనే తెల్ల రక్తకణాల్లో కొన్నింటిలోకి దూరి, వాటి డీఎన్ఏలోనే తన జన్యువుల్ని అతికించేసుకుని పడుకుంటుంది. మందు పనిచేసేది వైరస్ పెరిగేటప్పుడే, పడుకున్నదాని జోలికి అది వెళ్లలేదు. మాత్రలు ఆపితే చాలామందికి కొన్ని వారాల్లోనే మళ్లీ రక్తంలో కనపడుతుంది. ఆ దాగున్న నిల్వ మాత్రలతోనే తరిగిపోవాలంటే 70 ఏళ్లకు పైగా పడుతుందని అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ శాస్త్రవేత్తలు ఎప్పుడో లెక్కగట్టారు. ముప్పై ఏళ్లప్పుడు మొదలుపెట్టినవాడు నూరేళ్లు దాటాలన్నమాట!

మరి నయమైనవాళ్లు లేరా అంటే ఉన్నారు, వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. తిమోతీ రే బ్రౌన్ అనే అమెరికన్‌కి బ్లడ్ క్యాన్సర్ వస్తే 2007లో బెర్లిన్‌లో బోన్ మ్యారో (ఎముక మజ్జ) మార్పిడి చేశారు. వైరస్ కణంలోకి వెళ్లడానికి వాడుకునే సీసీఆర్5 అనే తలుపు పుట్టుకతోనే లేని దాతను వెతికి పట్టుకున్నారు, దాంతో హెచ్‌ఐవీ పోయింది. 2020లో ఆయన చనిపోయింది తిరగబెట్టిన క్యాన్సర్‌తో, హెచ్‌ఐవీతో కాదు. తర్వాత మార్పిడితో నయమైనవాళ్లు లండన్, డస్సెల్‌డార్ఫ్, న్యూయార్క్, జెనీవా నగరాల నుంచి ఒక్కొక్కరే వచ్చారు. వీళ్లందరికీ రక్తానికి సంబంధించిన క్యాన్సర్ ఉంది, ప్రాణం మీదకొచ్చిందని ఆ మార్పిడికి ఒప్పుకున్నారు. పైగా ఆ తలుపు లేనివాళ్లు ఉత్తర యూరప్‌లో నూటికి ఒకరుంటారేమో కానీ మన దేశంలో దాదాపు దొరకరు. కాబట్టి పేపర్లో హెడ్డింగ్ ఎంత పెద్దగా వేసినా ఆ దారి మాకు పనికొచ్చేది కాదు.

ఆ హెడ్డింగుల తర్వాత ఇక్కడ జరిగేది మీకు తెలియాలి. "హెచ్‌ఐవీకి మందు కనిపెట్టేశారు" అని వాట్సాప్‌లో తిరుగుతుంది. దాని వెనకే ఫలానా ఊళ్లో పసరు ఇస్తున్నారు, ఫలానా భస్మం వాడితే నెగెటివ్ వస్తుంది, కాకపోతే ఇంగ్లీషు మందులు ఆపేయాలి అని ఇంకో మెసేజ్. కరోనాలో మందు కోసం కృష్ణపట్నానికి ఎంత జనం వెళ్లారో చూశాం కదా, ఆశ అలాంటిది, అందులో మమ్మల్ని తప్పుపట్టడానికి ఏం లేదు. ఎయిడ్స్‌ను నయం చేస్తామని ఏ మందు మీదా చెప్పుకోకూడదని డ్రగ్స్ రూల్స్‌లోని షెడ్యూల్ జె ఎప్పటినుంచో చెబుతోంది. కానీ ఆ భస్మం అమ్మేవాడికి మేం దొరుకుతున్నది ఎందుకంటే, క్యూర్ గురించి మాతో మాట్లాడేవాడు వాడొక్కడే కాబట్టి. ఏఆర్టీ సెంటర్‌లో మాత్ర టైముకి వేసుకోమని చెబుతారు, మంచిదే. "నయమయ్యే మందు ఎంతవరకొచ్చింది సార్" అని అడిగితే మాత్రం నవ్వి పంపేస్తారు.

ఇప్పుడు అసలు విషయం. హెచ్‌ఐవీ అంతా ఒకటే రకం కాదు. అమెరికా, యూరప్‌లలో ఎక్కువగా ఉండేది బి రకం, నయం చేసే పరిశోధనలో ఎక్కువ భాగం దాని మీదే జరిగింది. మన దేశంలో పాజిటివ్ వాళ్లలో దాదాపు అందరికీ ఉన్నది సి రకం. ప్రపంచంలోని పాజిటివ్ వాళ్లలో దాదాపు సగం మందికి ఉన్నది కూడా ఇదే. కొన్ని చికిత్సలు వైరస్ పైతొడుగు ఆకారాన్ని బట్టి పనిచేస్తాయి, వైరస్‌కు అతుక్కుని దాన్ని అడ్డుకునే యాంటీబాడీలైతే మరీనూ. అక్కడ బి రకం మీద పనిచేసింది ఇక్కడ అలాగే పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు. అది తేలాలంటే సి రకం ఉన్న మనుషుల్లో చూడాలి. ఎవరో ఒకరు చూస్తున్నారు కూడా, దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో. (మనవాళ్లు ఒకప్పుడు చెరుకు తోటల్లో కూలికి ఓడలెక్కి వెళ్లింది అటే.) అక్కడ వయసులో ఉన్న ఆడపిల్లలకు వారానికి రెండుసార్లు పరీక్ష చేస్తూ, వైరస్ సోకిన కొద్ది రోజుల్లోనే పట్టుకుని మందులు మొదలుపెట్టారు. తర్వాత వాళ్లలో 20 మందికి రెండు రకాల యాంటీబాడీలు, రోగనిరోధక కణాల్ని లేపే ఇంకో మందు ఇచ్చి, మాత్రలు ఆపి చూశారు. 2025 మార్చిలో ఫలితాలు చెప్పారు. నలుగురు ప్రయోగం ముగిసేదాకా మాత్రలు లేకుండానే నిలబడ్డారు. క్యూర్ అని ఎవరూ అనలేదు, 20 మందిలో నలుగురే కదా అని కూడా అనొచ్చు. నేను మాత్రం ఆ వార్తను మళ్లీ మళ్లీ చదువుకున్నాను, ఎందుకంటే వాళ్లలో ఉన్నది నాలో ఉన్న వైరస్సే.

అదే 2025లో అమెరికా డబ్బు ఆపేసేసరికి దక్షిణాఫ్రికాలో చాలా హెచ్‌ఐవీ పరిశోధనలు దెబ్బతిన్నాయి. ఒక్క దేశం దయ మీద నడిచే పని ఎప్పుడైనా ఇంతే.

మన దగ్గర ఏం లేదని? ప్రపంచం మింగే హెచ్‌ఐవీ మాత్రల్లో పెద్ద వాటా మన దేశానిది, వాటిలో చాలా మందుల ముడిసరుకు తయారయ్యేది హైదరాబాద్, విశాఖల చుట్టుపక్కలే. ఆరు నెలలకోసారి వేసుకుంటే హెచ్‌ఐవీ సోకకుండా కాపాడే లెనకాపవిర్ ఇంజెక్షన్‌ను 2027 నుంచి పేద దేశాలకు ఏడాదికి 40 డాలర్లకే ఇస్తామని ఒప్పుకున్న రెండు కంపెనీలూ, హెటెరో, డాక్టర్ రెడ్డీస్, హైదరాబాద్‌వే. సి రకం మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్న ల్యాబ్ బెంగళూరులో ఉంది, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధనా మండలి) వాళ్ల ఎయిడ్స్ పరిశోధనా సంస్థ పుణెలో ఉంది. ఇక పేషెంట్లంటారా, కేంద్రం 2023 అంచనాల ప్రకారం మన రాష్ట్రంలోనే మూడు లక్షల మందికి పైగా ఉన్నాం, మహారాష్ట్ర తర్వాత మనమే. ఎవరికి ఎప్పుడు మందులు మొదలయ్యాయి, సీడీ4 ఎంత, వైరల్ లోడ్ ఎప్పుడు దిగింది, అన్నీ మీ సెంటర్ల రికార్డుల్లో ఉన్నాయి. అంత సమాచారం బీరువాల్లో పడుంది.

నేనడిగేది కోట్ల రూపాయల భవనం కాదు. కొత్తగా సోకినవాళ్లను తొందరగా పట్టుకుని, ఇష్టపడినవాళ్ల రక్తం భద్రపరిచి, ఏళ్ల తరబడి గమనించే ఒక అధ్యయనం మన మెడికల్ కాలేజీల్లో ఒక రెండు చోట్ల మొదలుపెట్టించండి. పాజిటివ్ తల్లులకు పుట్టిన బిడ్డలకు ఆరు వారాలకే పరీక్ష చేస్తున్నారు కదా, పాజిటివ్ వచ్చి వెంటనే మందులు మొదలైన పిల్లల్ని కూడా అందులో చేర్చండి. మిసిసిపీలో ఒక పాపకు పుట్టిన 30 గంటలకే మందులిస్తే, అవి ఆగిపోయాక కూడా రెండేళ్లకు పైగా వైరస్ కనపడలేదు. 2014లో తిరిగి వచ్చింది, నిజమే. కానీ అన్నాళ్లు ఎందుకు రాలేదో తెలుసుకోవడం అవసరం కాదా? కేంద్రంలోనూ రాష్ట్రంలోనూ ఉన్నది ఒకే కూటమి, ఐసీఎంఆర్‌ను అడగడానికి మీకు మొహమాటం ఉండక్కర్లేదు.

ఒక్క షరతు. ప్రయోగం అంటే మనవాళ్లకు ఎందుకు భయమో 2009లో ఖమ్మం జిల్లాను గుర్తు చేసుకుంటే చాలు. అది అప్పుడు మన ఉమ్మడి రాష్ట్రంలోనే ఉంది. గిరిజన ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేసినప్పుడు తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లతో సంతకాలు పెట్టించారని పార్లమెంటరీ కమిటీ గట్టిగానే తప్పుపట్టింది. మా విషయంలో అలా కుదరదు. రేపు డర్బన్‌లోలా మాత్రలు ఆపి చూడాల్సి వస్తే, అది మా ప్రాణాలతోనూ, మా ఇంట్లోవాళ్ల ప్రాణాలతోనూ పని. కాగితాలు తెలుగులో ఉండాలి, చదివి వినిపించాలి, ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికొచ్చే హక్కుండాలి, నిర్ణయాలు తీసుకునే కమిటీలో పాజిటివ్ వాళ్లు కూర్చోవాలి, ఊరికే ఫొటోకి కాదు.

ఇదంతా అయ్యేలోపు చేయగలిగింది ఒకటుంది, దానికి బడ్జెట్ కూడా పెద్దగా అక్కర్లేదు. క్యూర్ వార్త వచ్చిన ప్రతిసారీ అందులో నిజమెంతో తెలుగులో ఒక పేజీ రాయించి అన్ని ఏఆర్టీ సెంటర్లకూ పంపండి, కౌన్సిలర్లతో చదివించండి. భస్మం వాడికంటే ముందు మీ మాట మాకు చేరాలి.

జవాబు పేపర్లో ప్రకటనగా ఇచ్చినా సరే, అసెంబ్లీలో చెప్పినా సరే. నా పేరు మాత్రం అడగకండి, చెప్పకుండా ఉండే హక్కు 2017 హెచ్‌ఐవీ చట్టం నాకు ఇచ్చింది.

ఇట్లు,
గుంటూరు జిల్లా నుంచి, రోజూ రాత్రి ఒక మాత్ర వేసుకునే మనిషి